సికిల్ సెల్ కార్డు చూసి సిగ్గుపడొద్దు



2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 గడువు అన్నది. మంచిదే. కానీ కార్డు రాగానే గూడెంలో "ఆ పిల్లకి జబ్బంట" అంటే ఎట్లా?

ఇది అంటురోగం కాదు, శాపమూ కాదు. అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వస్తే క్యారియర్. వాళ్ళు మామూలుగానే బతుకుతారు. మలేరియా అడవుల్లో మన పూర్వీకుల బిడ్డల్ని కాపాడింది కూడా అదే జన్యువు. ఇద్దరూ క్యారియర్లయితే మాత్రం, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బొచ్చే అవకాశం నాలుగో వంతు.

అందుకే పరీక్ష చేయించుకోండి. పెళ్ళి మాటల్లో అమ్మాయినే కార్డు అడగొద్దు, అబ్బాయీ చూపించాలి. పీహెచ్‌సీలో హైడ్రాక్సీయూరియా ఉందా అని అడగండి. లేకపోతే ఎందుకు లేదో నిలదీయండి. కార్డు చేతిలో పెట్టి మందు ఇయ్యకపోతే అది వైద్యం కాదు, లెక్క మాత్రమే.

జై ఆదివాసీ!