రక్తం చెప్పే వయసు

ఫోరెన్సిక్ సైన్సు చదివి బయటికి వెళ్తున్న మీ అందరికీ నా అభినందనలు.

కృష్ణా తీరంలో కాస్త పెద్దవయసు వాళ్లను ఎన్నేళ్లని అడిగితే, "దివిసీమ ఉప్పెన నాటికి నేను చంకబిడ్డనంట" అంటారు. ఆ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. ఏడాది అటూ ఇటూగా వయసు తేలిపోతుంది. బడి రిజిస్టరులో మాత్రం అదే మనిషికి పుట్టినతేదీ జూలై 1 అని ఉంటుంది, చేర్చుకున్న రోజున అయ్యవారు తోచింది వేశారు కనుక. తేదీ నిక్కచ్చిగా ఉంది గానీ నిజం కాదు. ఉప్పెన గుర్తు వదులుగా ఉంది గానీ నిజం.

రక్తం కూడా అలా వదులుగానే చెబుతుంది. రొమ్ము ఎముక వెనక థైమస్ గ్రంథిలో టి కణాలు తయారయ్యేటప్పుడు తమ డీఎన్‌ఏలో కొంత కత్తిరించి వదిలేస్తాయి. ఆ ముక్క కొసలు కలిసి చిన్న వలయమవుతుంది. కణం రెండైనా వలయం రెండు కాదు. వయసు మీదపడే కొద్దీ థైమస్ కుంచించుకుపోయి కొవ్వు పడుతుంది, కొత్త వలయాల రాక తగ్గుతుంది. రక్తపు మరకలో అవి ఏపాటి ఉన్నాయో కొలిచి వయసు అంచనా కట్టవచ్చని 2010లో రోటర్‌డామ్‌లో మన్‌ఫ్రెడ్ కైజర్ బృందం చూపించింది. ఎంత అందమైన ఆలోచన! కానీ ప్రామాణిక దోషం దాదాపు తొమ్మిదేళ్లు. అంటే ముగ్గురిలో సుమారు ఒకరి అసలు వయసు ఆ హద్దు కూడా దాటి ఉంటుంది.

తర్వాత చూపు డీఎన్‌ఏకు అంటుకునే మిథైల్ గుర్తుల మీదికి మళ్లింది. ఈఎల్‌ఓవీఎల్2 అనే జన్యువు దగ్గర ఇవి వయసుతో పాటు పెరుగుతూ పోతాయి. పోలండ్ శాస్త్రజ్ఞులు 2015లో ఐదు జన్యువులు కలిపి చూస్తే సగటు తేడా నాలుగేళ్లకు దిగింది.

మరక ఎవరిదో తెలియనప్పుడు, ఇరవైల్లో కుర్రవాడిదా అరవై దాటినవాడిదా అని చెప్పగలిగితే దర్యాప్తుకు అది పెద్ద సాయం. ముద్దాయికి పద్దెనిమిది నిండాయా లేదా అన్నప్పుడు మాత్రం ఆ నాలుగేళ్ల తేడాయే అతణ్ణి బాలల బోర్డు ముందుకో మామూలు కోర్టుకో పంపేస్తుంది. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ముందు బడి సర్టిఫికెట్ చూడమంటుంది. అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష, లేదా అప్పటికి వచ్చిన మరో కొత్త వైద్య పరీక్ష. ఆ చివరి మాట పట్టుకుని రేపు రక్తం రిపోర్టు కూడా కోర్టుకు రావచ్చు. కింద సంతకం మీదే కావచ్చు.

నేను చెప్పిన రెండు లెక్కలూ డచ్చివాళ్ల, పోలండ్‌వాళ్ల రక్తం మీద కట్టినవి. మన జనం మీద సరిచూడనిదే వాటిని ఇక్కడ వాడకూడదు. దర్యాప్తు అధికారి తొందరపెడతారు. వకీలు ఒక్క అంకె చెప్పి దిగమంటారు. మీరు మాత్రం ఆ అంకె పక్కన దాని అటూ ఇటూ కూడా రాయండి. బోనెక్కినప్పుడు ఆ మాట మీదే నిలబడండి.