బలహీన గుండెకు భుజం సాయం

గుండె బైపాస్ ఆపరేషన్‌లో సాధారణంగా గుండెను కాసేపు ఆపేస్తారు, పొటాషియం కలిపిన చల్లని ద్రవం ఎక్కించి. గట్టి గుండె తట్టుకుంటుంది. నిండిన రక్తంలో 35 శాతం కూడా నెట్టలేని గుండె మాటేమిటి? అలాంటి కొందరికి తొడ రక్తనాళం గుండా బెలూన్ పంపుతారు. గుండె విశ్రమించినప్పుడు అది హీలియంతో ఉబ్బుతుంది, కొట్టుకోబోయే ముందు ముడుచుకుంటుంది. మిట్ట ఎక్కలేని ఎడ్లబండికి వెనక నుంచి భుజం పట్టినట్టన్నమాట.

ఆపరేషన్‌లో గుండెను కాపాడేందుకు ఓ చవకైన ఉపాయాన్ని పరిశోధకుడు డెరెక్ హౌసెన్‌లాయ్ బ్రిటన్‌లో పరీక్షించారు; ఆయన తర్వాత సింగపూర్ జాతీయ హృదయ కేంద్రంలో చేరారు. ఆపరేషన్‌కు ముందు జబ్బకు బీపీ పట్టీ బిగించి 5 నిమిషాలు రక్తం ఆపడం, వదలడం; ఇలా 4 సార్లు. 1612 మందిలో చూశారు. లాభం లేదని 2015లో దాచకుండా ప్రకటించారు. అదే నాకు నచ్చింది.

మీ ఇంట్లో ఎవరికైనా బైపాస్ అంటే, ఎకో పరీక్షలో ఈఎఫ్, అంటే నిండిన రక్తంలో గుండె నెట్టే శాతం, ఎంతో డాక్టర్‌గారిని అడగండి.