గ్రాంట్ అంటే ఏమిరా?
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నాకిచ్చిన అయిదు నిమిషాల్లో ఒక్క ఇంగ్లీషు క్రియ గురించి చెప్పి దిగిపోతాను. అది ‘గ్రాంట్’.

మనమంతా తెలుగు మీడియం పిల్లకాయలం. అయినా ‘ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్’ అని కళ్లు మూసుకుని రాసేవాళ్లం. తొమ్మిదో తరగతిలో నా లీవ్ లెటర్ చూసి మా ఇంగ్లీషు సారు, “గ్రాంట్ అంటే ఏమిరా?” అన్నారు. “ఇవ్వడం సార్” అన్నాను. “అట్లయితే పక్కవాణ్ణి పెన్సిల్ గ్రాంట్ చెయ్యమని అడుగు” అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఆ శనివారం మమ్మల్ని కోటకు నడిపించుకుపోయి, రాజమహల్ ముందర కూర్చోబెట్టినారు. “చంద్రగిరి రాజుల కింద దామెర్ల వెంకటాద్రి నాయకుడని ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే వచ్చి అడిగితే, 1639లో సముద్రం ఒడ్డున కోట కట్టుకునేందుకు చోటిచ్చినాడు. అదే మద్రాసైంది. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. గివ్ ఎవరైనా చెయ్యొచ్చురా. ఇచ్చే అధికారం ఉండేవాడు, అడిగినవాడికి ఇస్తే అది గ్రాంట్” అన్నారు.

సెలవు విషయంలో అది మంజూరు. దేవుణ్ణి వేడుకుంటే ప్రసాదించడం. వాదనలో ‘ఐ గ్రాంట్ దట్’ అంటే ఆ మాట ఒప్పుకుంటున్నానని. ఎవరు ఎవరితో అంటున్నారో చూడమనేవారు.

ఉద్యోగానికి మద్రాసు పోయినాక, సెలవు మంజూరైందనే అర్థంలో ‘ఐ హావ్ టేకెన్ మై లీవ్ ఫర్ గ్రాంటెడ్’ అని రాసిచ్చినాను. “అడక్కుండానే వస్తుందనుకున్నావా?” అని మేనేజర్ గట్టిగా తిట్టినాడు. ఎందుకో తెలియక సారుకు కార్డు రాస్తే జవాబొచ్చింది: “ఉందిలే, ఎక్కడికి పోతుందిలే అని విలువ మరిచిపోవడమే టేక్ ఫర్ గ్రాంటెడ్. లీవుతో అయితే తిట్లతో పోయింది. మనుషులతో చెయ్యొద్దు నాయనా.”

ఆ కార్డు దాచుకున్నాను, మాట దాచుకోలేదు. తిరుపతికి వచ్చిన ప్రతిసారీ చంద్రగిరి మీదుగానే పోయేవాణ్ణి. సారు ఉంటారులే, ఈసారి దిగుదాంలే అనుకుంటూ పదకొండేళ్లు గడిపినాను. చివరికి దిగిననాడు ఇంటికి తాళం ఉంది. ఆయన పోయి ఆరు నెలలైందని పక్కింటామె చెప్పింది. ఆ మాటకు పూర్తి అర్థం నాకు ఆ వాకిట్లో తెలిసింది.

ముందు వరసలో మన గురువులు కొందరు కూర్చోనుండారు. భోజనాలకు లేచేముందు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, మీరెవరో చెప్పి, రెండు మాటలు మాట్లాడండి. అందుకోసమే ఈ మైకు అడిగినాను.

ఇక నాకు సెలవు మంజూరు చెయ్యవలసిందిగా మిమ్మల్నందరినీ కోరుతున్నాను.