తేనీరు, కాఫీ, గుండెమంట

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు పన్నుల వసూలును గూర్చియు, లెక్కలను గూర్చియు, మంచినీటి పథకములను గూర్చియు వినుచున్నారు. ఈ పూట మేము మాటలాడదలచినది మీ చేతిలోని తేనీటి గ్లాసును గూర్చి. ఇది చిన్న విషయమని తలపకుడు. కడుపులో మంట, పులి త్రేన్పులు, గ్యాసు అని బాధపడువారు లేని గ్రామము లేదు. తేనీరే ఈ బాధకు మూలమని కొందరందురు. వేడి తేనీరు త్రాగిననే బాధ తగ్గునని మరికొందరందురు. ఈ రెండు మాటలలో నిజమెంత గలదో విచారింతము.

మనము మ్రింగిన అన్నము అన్నవాహిక అను గొట్టము ద్వారా జీర్ణాశయమును చేరును. అచ్చట దానిని అరిగించుటకు ఘాటైన ఆమ్లము ఊరును. జీర్ణాశయపు లోపొర ఆ ఆమ్లమును తట్టుకొనగలదు. అన్నవాహికకు ఆ శక్తి లేదు. అందువలన ఈ రెండును కలియు చోట ప్రకృతి ఒక కండరపు కట్టును అమర్చినది. చెరువు తూమునకు తలుపు ఎట్టిదో ఇదియు నట్టిదే. మ్రింగినపుడు తెరచుకొనును, పిమ్మట మూసుకొనును. ఈ తలుపు వదులైనను, వేళగాని వేళ తెరచుకొన్నను ఆమ్లము పైకి ఎగదన్నును. రొమ్ము ఎముక వెనుక మంట పుట్టును, గొంతులోనికి పులుపు వచ్చును. దీనినే మనము గుండెమంట అనుచున్నాము గాని, ఈ మంట పుట్టునది గుండెలో కాదు, అన్నవాహికలో.

ఇక తేనీటి మాట. తేనీటిలోను కాఫీలోను కెఫీన్ అను పదార్థము కలదు. ఇది ఈ కండరపు కట్టును కొంత సడలించునని వైద్యులు చెప్పుచున్నారు. కాఫీ జీర్ణాశయములో ఆమ్లము ఊరుటను కూడ హెచ్చించును. అయినను ఈ ప్రభావము అందరియందును ఒకే తీరుగా నుండదు. దినమునకు నాలుగు గ్లాసులు త్రాగియు సుఖముగా నుండువారు కలరు, ఒక్క గ్లాసుతోనే బాధపడువారును కలరు. పరిశోధనల ఫలితములు కూడ అన్నియు ఏకీభవించలేదు. అమెరికాలో 48,000 మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2020లో ప్రకటించిన ఒక అధ్యయనములో, కాఫీ, తేనీరు, సోడా పానీయములు మిక్కిలిగా త్రాగువారిలో ఈ బాధ హెచ్చుగా కనబడినది. వానిలో దినమునకు రెండు గ్లాసులకు మారుగా మంచినీరు త్రాగినచో బాధ తగ్గుననియు అందు తేలినది.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలను కూడ మీరు తెలిసికొనవలెను. 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు, అంతే తేనీటిలో 30 నుండి 65 మిల్లీగ్రాములు కెఫీన్ ఉండును. దినము మొత్తముమీద 300 మిల్లీగ్రాములు మించరాదు. భోజనమునకు గంట ముందు గాని, గంట లోపల తరువాత గాని వీనిని త్రాగరాదని ఆ సంస్థ చెప్పినది. వీనిలోని వగరు పదార్థములు అన్నములోని ఇనుమును ఒంటికి పట్టనీయవు. రక్తహీనతతో బాధపడు స్త్రీలు ఎక్కువగా నున్న మన గ్రామములలో ఇది మరువదగిన మాట కాదు.

అట్లని తేనీరు మానవలసినదేనా? అందరును మానవలెనని మేము చెప్పము. మంట గలవారు రెండు వారములు మాని చూడవలెను. బాధ తగ్గినచో మరల కొద్దిగా మొదలిడి చూడవలెను. బాధ తిరిగి వచ్చినచో తేనీరు తమకు సరిపడదని వారే గ్రహింతురు. తగ్గకున్నచో తప్పు మరియొక చోట నున్నదని వెదకవలెను.

ఆ మరియొక చోటు మన అలవాట్లలోనే తరచుగా దొరకును. తెల్లవారుజామున పొలమునకు పోవువారు, కూలికి పోవువారు ఖాళీ కడుపున తేనీరు త్రాగి మధ్యాహ్నము వరకు దానితోనే గడుపుదురు. అది ఆకలిని అణచును గాని అన్నమునకు బదులు కాజాలదు. టీ కొట్టువద్ద తేనీటితోపాటు మిరపకాయ బజ్జీలు తిని, మంట పుట్టగా తేనీటిని నిందింతురు. నూనె వంటకములు జీర్ణాశయమున ఎక్కువసేపు నిలిచి ఆమ్లము ఎగదన్నుటకు దోహదము చేయును. చుట్ట, బీడీ, సారాయి ఆ తూము తలుపును మరింత వదులు చేయును. రాత్రి పొద్దుపోయి కడుపునిండ తిని వెంటనే పండుకొనుట అన్నిటికంటె చెడ్డది. భోజనమునకును పడకకును రెండు మూడు గంటల ఎడము ఉండవలెను. రాత్రివేళ బాధపడువారు మంచమునకు తలవైపు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టి ఆరంగుళములు ఎత్తు చేసికొనవచ్చును. ఎడమ ప్రక్కకు తిరిగి పండుకొనుట మేలు. ఒళ్లు బరువుగా నున్నవారు బరువు తగ్గించుకొనవలెను. వీనిలో దేనికిని పెద్ద ఖర్చు లేదు.

ఇప్పుడు మేము చెప్పబోవునది అన్నిటికంటె ముఖ్యమైనది. మేమెరిగిన ఒక గ్రామములో నడివయసు రైతు ఒకరికి రాత్రి భోజనమైన పిమ్మట రొమ్ములో పట్టివేసినట్లు నొప్పి వచ్చినది. ఒళ్లంతయు చెమట పట్టినది. ఆయనకు ముందునుండి గుండెమంట అలవాటే. ఇంటివారు గ్యాసు అనుకొని సోడా త్రాగించిరి, పిమ్మట అల్లము వేసిన టీ ఇచ్చిరి. తెల్లవారిన తరువాత చూపింతమనుకొనిరి. ఆయన తెల్లవారువరకు లేరు. అది గుండెపోటు. ఇంటివారి ప్రేమలో లోపము లేదు, వారికి తెలియకపోవుటయే లోపము.

కావున మంట అలవాటే అయినను, రొమ్ములో బరువుగా గాని బిగపట్టినట్లుగా గాని నొప్పి వచ్చి, చేతికో దవడకో ప్రాకినను, చెమట, ఆయాసము, కళ్లు తిరుగుట తోడైనను, సోడాతో కాలయాపన చేయక 108కి ఫోను చేయవలెను. చక్కెర వ్యాధి గలవారిలోను, స్త్రీలలోను గుండెపోటు పెద్ద నొప్పి లేకయే రావచ్చును. మ్రింగుట కష్టమైనను, రక్తము వాంతియైనను, విరేచనము తారువలె నల్లగా నున్నను, కారణము లేక బరువు తగ్గినను ఆలస్యము లేకుండ వైద్యునికి చూపవలెను. వారములకొలది మంట వీడకున్నను అంతే. అంగడిలో బిళ్లలు కొని నెలలకొలది మ్రింగుట, కీళ్ల నొప్పుల మాత్రలు తమంత తామే వాడి కడుపును పాడుచేసికొనుట తగదు. గర్భిణీ స్త్రీలకు ఈ మంట సహజముగా వచ్చును. వారు వైద్యుని అడుగక ఏ మందును వాడరాదు.

పంచాయతీ సభ్యులుగా మీరు చేయదగినది ఏమి? మీ సమావేశములలో తేనీటితోపాటు మజ్జిగయో మంచినీరో ఉంచుడు. కోరినవారు కోరినది త్రాగుదురు. పొలములలోను, పని జరుగు చోటులలోను చల్లని త్రాగునీరు అందునట్లు చూడుడు. నీరు దొరకని చోటనే కూలివారు దాహమునకు తేనీటిని ఆశ్రయింతురు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ కూడినపుడు ఆశా కార్యకర్త చేత గుండెపోటు గుర్తులను గూర్చి చెప్పింపుడు. 108 అను అంకెను టీ కొట్టు గోడమీదనే వ్రాయింపుడు. ఊరివారందరును ప్రతిదినము చేరు చోటు అదియే గదా!

తేనీరు మనకు శత్రువు కాదు. వేళ తెలియక త్రాగిన తేనీరు మంట తెచ్చును. మంటను అలవాటు చేసికొని ఉపేక్షించుట ప్రాణము మీదికి తెచ్చును. ఈ మాట మీరు ఊరికి పోయి పదిమందికి చెప్పినచో, ఏ ఇంటనో ఒక రాత్రి ఒక ప్రాణము నిలువవచ్చును.