కూలి ఇచ్చువాడు ధరావతు అడుగడు

(రాయవరములో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగము)



ఇంటిపట్టున ఉండి చేయు పని మన గోదావరి తీరమునకు క్రొత్త కాదు. నరసాపురము పరిసరములలో స్త్రీలు తరతరములుగా ఇంటి అరుగుపై కూర్చుండి లేసు అల్లుచున్నారు. ఆ కూలి స్వల్పమే. కాని దారము తెచ్చి ఇచ్చువాడే కూలియు ఇచ్చును. సొమ్ము ఎప్పుడును పని ఇచ్చువాని నుండి పని చేయువానికి రావలెను. ఈ ఒక్క సూత్రమును మన గ్రామములలో ప్రతి ఇంటికిని తెలుపవలసియున్నది.

నేడు వాట్సాప్‌లోను, టెలిగ్రామ్‌లోను వచ్చు "ఇంటివద్ద ఉద్యోగములు" పెక్కు ఈ సూత్రమునకు తలక్రిందులుగా నడచుచున్నవి. వీడియోలకు లైకు కొట్టుట, హోటళ్లకు రేటింగు ఇచ్చుట వంటి సులువైన పని చెప్పి, తొలుత కొద్ది సొమ్ము నిజముగానే జమచేయుదురు. అది ఎర. పిమ్మట సొమ్ము కట్టినవారికే పెద్ద పని యందురు. లాభము పెరుగుచున్నట్లు ఫోనులో అంకెలు కనబడును. దానిని తీసుకొనబోయినచో పన్ను అనియు, రుసుము అనియు మరల అడుగుదురు.

2023 జూలైలో హైదరాబాదు పోలీసులు ఇట్టి ముఠాను బయటపెట్టిరి. రేటింగు పనికి చేరిన ఒక నగరవాసి వేయి రూపాయలు కట్టి 866 రూపాయల లాభము చూచెను. నమ్మకము కుదిరి కట్టుచు పోగా 28 లక్షల రూపాయలు నష్టపోయెను. దేశమంతట సుమారు 15,000 మంది నుండి 712 కోట్ల రూపాయలు కాజేసినట్లు పోలీసులు తెలిపిరి.

మరియొక పద్ధతి కలదు. టైపు పని ఇచ్చి, తప్పులు వచ్చినవని, ఒప్పందము మీరితిరని జరిమానా అడుగుదురు. కోర్టు నోటీసు పేరిట బెదరింతురు. బెదరి సొమ్ము కట్టరాదు. ఆ కాగితమును పోలీసులకు చూపవలెను. కమీషను ఆశ చూపి బ్యాంకు ఖాతాను వాడుకొననిమ్మని అడుగువారును కలరు. దొంగసొమ్ము ఆ ఖాతాలో పడినచో, ఖాతాదారుడే ముందు కేసులో చిక్కును.

ఈ వలలో చిక్కువారు సోమరులు కారు. చదువుకొని పని దొరకని యువకులు, పసిబిడ్డలను విడిచి బయటకు పోలేని తల్లులు ఇందు పెక్కురు. మోసపోయిన పిమ్మట ఇంటివారు నిందింతురని దాచెదరు. ఆ మౌనమే దొంగకు అండ. కావున మీ వద్దకు వచ్చినవారిని "ఎందుకు కట్టితివి?" అని ముందుగా అడుగకుడు. సొమ్ము పోయినచో ఆ గడియలోనే 1930 నంబరుకు ఫోను చేయించుడు, బ్యాంకుకు తెలిపించుడు. సైబర్ నేరముల జాతీయ పోర్టలులో ఫిర్యాదు వ్రాయించుడు. సందేశములను, చెల్లింపు నంబర్లను చెరిపివేయవలదని చెప్పుడు. ఆలస్యమైనకొలది సొమ్ము ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు పోవును; పట్టుట కష్టమగును.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. మహిళా సంఘముల సమావేశములలో చెప్పించుడు. పంచాయతీ కార్యాలయపు గోడపై 1930 అను అంకెను, "పనికి ముందు పైసా కట్టవద్దు" అను మాటను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. దానికి అగు వ్యయము ఒక డబ్బా రంగు మాత్రమే.