ముందుగా రుసుము కట్టమన్న చోటే ఆగుదాం
(ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే ఈ వేదికపై మోసాల ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. గల్ఫ్ ఎండల్లో పదేళ్లు చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము ఒక్క పూటలో పరాయి ఖాతాలోకి వెళ్లిపోతే ఆ ఇంటి పిల్లల చదువు ఆగుతుంది, ఆడపిల్ల పెళ్లి ఆగుతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. కాబట్టి కష్టార్జితాన్ని కాపాడుకోవడం కూడా హక్కుల పరిరక్షణలో భాగమేనని మేము భావిస్తున్నాము.

ఈ మోసం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 19వ శతాబ్దంలోనే ఐరోపాలో ఇటువంటి ఉత్తరాలు తిరిగేవి. స్పెయిన్ చెరసాలలో ఒక ధనవంతుడు బందీగా ఉన్నాడనీ, అతని విడుదలకు కొంత సొమ్ము పంపితే నిధిలో వాటా దక్కుతుందనీ వాటిలో ఉండేది. తరువాతి కాలంలో నైజీరియా శిక్షాస్మృతిలోని మోసానికి సంబంధించిన సెక్షన్‌ను బట్టి దీనికి '419' అన్న పేరు స్థిరపడింది. 1995-98 మధ్య నైజీరియాకు చెందిన ఇమాన్యుయేల్ న్వుడే అక్కడి కేంద్ర బ్యాంకు గవర్నరుగా నటించి, లేని విమానాశ్రయాన్ని చూపి, బ్రెజిల్‌లోని ఒక బ్యాంకు డైరెక్టరు చేత దాదాపు 24 కోట్ల డాలర్లు కట్టించుకున్నాడు. బ్యాంకును నడిపేవారే మోసపోయినప్పుడు మన వీధిలో మోసపోయిన మనిషిని అమాయకుడని ఎగతాళి చేయడం న్యాయం కాదు.

వేషం ఏదైనా నడక ఒక్కటే. ముందు పెద్ద లాభం చూపుతారు. దాన్ని అందుకోవడానికి చిన్న రుసుము అడుగుతారు. అది కట్టగానే కస్టమ్స్ సుంకమనీ, పన్ను అనీ, ధ్రువపత్రం అనీ మరొకటి అడుగుతారు. పోయిన సొమ్ము దక్కుతుందన్న ఆశతోనే మనిషి మళ్లీ కడతాడు. విదేశీ లాటరీ తగిలిందని చెప్పి రుసుము పంపమంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విదేశీ లాటరీలలో పాల్గొనేందుకు మన దేశం నుంచి డబ్బు పంపడమే ఫెమా చట్టం ప్రకారం నిషిద్ధం.

మన ఇళ్లకు ఎక్కువగా వచ్చే వేషం ఉద్యోగం. నిజామాబాద్, జగిత్యాల, కడప జిల్లాల నుంచీ, హైదరాబాద్ పాతబస్తీ నుంచీ గల్ఫ్‌కు వెళ్లే వారు ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులోని నమోదిత జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూడాలి. నమోదిత ఏజెంటు వసూలు చేయదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి యువకులను కంబోడియాకు పంపి, అక్కడ నిర్బంధించి, వారి చేతనే సాటి భారతీయులను మోసం చేయించిన ముఠాల ఏజెంట్లను 2024లో విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు.

రెండో వేషం పుణ్యకార్యం. హజ్ కమిటీ ద్వారా గాని, కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ అనుమతి పొందిన నిర్వాహకుల ద్వారా గాని తప్ప హజ్ ప్రయాణానికి డబ్బు కట్టరాదు. సందర్శక వీసాపై హజ్‌కు సౌదీ ప్రభుత్వం అనుమతించదు. తక్కువ ధరకే తీసుకువెళ్తామనే మాటకు జీవితకాలపు పొదుపు ఇచ్చేముందు ఈ రెండు విషయాలు విచారించాలి.

మూడో వేషం భయం. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియో కాల్‌లో కనిపిస్తాడు. మీ ఆధార్‌తో ఉగ్రవాద నిధులు కదిలాయనీ, మీరు 'డిజిటల్ అరెస్టు'లో ఉన్నారనీ, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దనీ అంటాడు. ఈ మాట ఎవరినైనా వణికిస్తుంది. మక్కా మసీదు పేలుడు తరువాత అరెస్టయి, చివరకు నిర్దోషులుగా విడుదలైన హైదరాబాద్ యువకులను మరచిపోని మనల్ని మరింతగా వణికిస్తుంది. మోసగాడు పెట్టుబడిగా వాడుకునేది సరిగ్గా ఈ భయాన్నే. భారత చట్టాలలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఫోన్‌లో విచారించి, డబ్బు బదిలీ చేయమని అడిగే పోలీసు శాఖ గాని, న్యాయస్థానం గాని లేవు. నిజంగా అరెస్టయిన వ్యక్తికి సైతం కారణం తెలుసుకునే హక్కునూ, న్యాయవాదిని సంప్రదించే హక్కునూ రాజ్యాంగం 22వ అధికరణం ఇస్తున్నది. ఎవరికీ చెప్పవద్దు అన్న మాట వినిపించగానే ఫోన్ పెట్టేసి, ఇంట్లోవారిని పిలవాలి.

యువకులకు ప్రత్యేకంగా ఒక మాట. కమిషన్ ఇస్తామంటే మీ బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌ను ఎవరికీ ఇవ్వకండి. దోచుకున్న సొమ్ము ముందుగా చేరేది ఇటువంటి అద్దె ఖాతాలకే. అసలు దొంగ ఏ దేశంలో ఉన్నా, పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారుని ఇంటికి.

ఒకవేళ డబ్బు పోయిందా, క్షణం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి, బ్యాంకుకూ తెలపాలి. సొమ్ము చేతులు మారకముందే ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఉంటుంది. సందేశాలు, రసీదులు, నంబర్లు చెరిపివేయరాదు. పరిధి మాది కాదని పోలీస్ స్టేషన్ తిప్పి పంపరాదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకునే హక్కును భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇచ్చింది. పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తాము, రుసుము కట్టండి అంటూ వచ్చేవాడు కూడా మోసగాడే.

మసీదు కమిటీలకు మా విన్నపం ఇది. నెలకొకసారి జుమా నమాజు తరువాత అయిదు నిమిషాలు ఈ విషయానికి కేటాయించండి. స్మార్ట్‌ఫోన్ వాడుతున్న పెద్దవారికీ, భర్త గల్ఫ్‌లో ఉండగా ఒంటరిగా ఇల్లు నడుపుతున్న సోదరీమణులకూ అడిగితే చెప్పే ఇద్దరు చదువుకున్న పిల్లలను ప్రతి మొహల్లాలో గుర్తించండి. ప్రభుత్వాన్ని మేము అడిగేది కూడా ఉన్నది. సైబర్ ఫిర్యాదుల సహాయం తెలుగుతో పాటు ఉర్దూలోనూ అందాలి.

పరువు పోతుందని దాచిన ప్రతి మోసం పక్కింటికి నడిచి వెళ్తుంది. మోసపోయిన వారిని నిందించకుండా వారి మాట వినండి, వెంట నిలబడి ఫిర్యాదు చేయించండి.