చేతికి వెల

ఫలక్‌నుమా అనే మాటకు ఆకాశదర్పణమని అర్థం చెబుతారు. 1884లో నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేయించిన సౌధం వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చినది. కొండమీది సౌధాన్ని చూడవచ్చేవారు అనేకులు. కొండకు దిగువగా, కాటేదాన్ పారిశ్రామికవాడకు ప్రతి ఉదయం పనికి పోయేవారిని గమనించేవారు తక్కువ. అక్కడి షెడ్లలో యంత్రం యజమాని పెట్టుబడి అయితే, పనివాని పెట్టుబడి అతని రెండు చేతులే. ఆ చేతులకు హాని కలిగినప్పుడు చట్టం ఏమి చెబుతున్నదో శ్రోతలకు మనవి చేస్తాము.

చేతులకు మిక్కిలి ప్రమాదకరమైన యంత్రాలలో పవర్ ప్రెస్సు ఒకటి. కింది అచ్చుమీద రేకు ఉంచి కాలితో మీట తొక్కగానే పై అచ్చు టన్నుల బలంతో దిగుతుంది. రేకు పెట్టేదీ తీసేదీ చేయే. చేయి వెనుకకు రాకమునుపే కాలు మీటమీద పడినదా, ఇక చేయగలిగినది లేదు. రెండు చేతులతో రెండు మీటలు ఒకేసారి నొక్కితేనే కదిలే యంత్రంలో ఈ అపాయం చాలవరకు తప్పుతుంది. కానీ పని మందగిస్తుందని అటువంటి రక్షణలను తీసివేయించే చోట్లు ఉన్నవి.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా నియమావళి అమలులోనికి వచ్చినది. చట్టం మారినా, ఏ అంగం పోతే సంపాదనశక్తి ఎంత తగ్గినట్లో చెప్పే పట్టిక నిలిచియున్నది. చూపుడువేలికి 14 శాతం, నడిమివేలికి 12, ఉంగరపువేలికి గాని చిటికెనవేలికి గాని 7, బొటనవేలికి 30, హస్తమంతా పోతే 60. బొటనవేలు లేనిదే పట్టు లేదు. ఏకలవ్యుని కథ తెలిసిన మనకు దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇ.ఎస్.ఐ. లేని పనివాడు ఒకడు, వయసు 25, నెలకు 10,000 రూపాయల వేతనం, బొటనవేలు పోగొట్టుకొన్నాడనుకొందాము. వేతనంలో 60 శాతం 6,000. ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 216.91. హెచ్చవేస్తే 13,01,460 రూపాయలు. అందులో 30 శాతం, అనగా 3,90,438 రూపాయలు, అతనికి రావలసినది. వేలు తెగకపోయినా పిడికిలి ముడుచుకొనకపోతే, ఆ నష్టాన్ని వైద్యుడు అంచనా కట్టవలెను. ఇ.ఎస్.ఐ. ఉన్నవానికి చికిత్సతోపాటు, పనిచేయలేని రోజులకు వేతనంలో 90 శాతం, శాశ్వతనష్టానికి నెలనెలా భత్యం బీమా సంస్థయే ఇస్తుంది.

ఇంత స్పష్టంగా ఉన్న హక్కు చేజారేది ఎక్కడ? ఆసుపత్రి ఖర్చు భరించి, నాలుగు వేలు చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద మిగిలిన చేతి వేలిముద్ర వేయించుకొనే చోట. పరిహారం వదులుకొంటున్నానని వ్రాసిచ్చిన కాగితం చట్టం ముందు చెల్లదు. ఈ సంగతి తెలియక ఎందరో ఊరుకొంటారు. "నీ అజాగ్రత్తే" అన్న మాటకూ బెదరవలసిన పని లేదు. పొరపాటు వల్ల హక్కు పోదు. త్రాగి పనిచేయుట, తెలిసి తెలిసి రక్షణసాధనాన్ని తానే తొలగించుట వంటివి వేరు. యజమాని తీయించినదానికి పనివాడు బాధ్యుడు కాడు. గుత్తేదారు క్రింద పనిచేసినా, చేరినది నిన్ననే అయినా హక్కు హక్కే.

అందుచేత ఇంటివారికి మా విన్నపము: గాయపడినవానిని ముందు ఆసుపత్రికి చేర్చండి. తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో ఉంచి, ఆ సంచిని మంచునీటిలో పెట్టి తీసుకొనిపొండి. వేలికి మంచు నేరుగా తగలనీయకండి. పనిలో యంత్రం వల్ల గాయమైనదని, ఏ చోట, ఏ వేళ జరిగినదో ఆసుపత్రి చీటీలో వ్రాయించండి. జీతం ముట్టిన ఆధారాలు, తోటి పనివారి పేర్లు భద్రపరచండి. యజమానికి వ్రాతమూలకంగా తెలియజేయండి. ఇ.ఎస్.ఐ. లేకపోతే రెండు సంవత్సరాలలోపల కార్మికశాఖ అధికారి ఎదుట దావా వేయవలెను. చదివి వినిపించని కాగితం మీద మాత్రం ఏ వేలి ముద్రా వేయకండి.